ముగ్గు నుంచి నమూనా దాకా: నేరేడుచర్ల ప్రాంత నిర్మాణవృత్తిలో కట్టడ సమాచార పరిణామం

వ్యాససంగ్రహం

ఒక కట్టడానికి సంబంధించిన సమాచారం ఎవరి అధీనంలో ఉంటుంది, దానికి జవాబుదారీ ఎవరు అనే రెండు ప్రశ్నల ఆధారంగా నేరేడుచర్ల పరిసర ప్రాంతపు నిర్మాణవృత్తి చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కాకతీయుల కాలంలో శిల్పి నైపుణ్యంలోను, పల్లె ఇళ్ళ విషయంలో మేస్త్రీ పోయించే ముగ్గులోను ఉన్న సమాచారం ఆధునిక కాలంలో కాగితపు ప్లానులోకి, ఆపై కంప్యూటరు గీతలోకి చేరింది. ఇప్పుడది ‘బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్’ అనే పేరుతో త్రిమితీయ నమూనాలోకి ప్రవేశిస్తున్నది. చిన్న పట్టణాల నిర్మాణ కార్యాలయాలకు ఈ మార్పు కొత్త సాఫ్ట్‌వేరు నేర్చుకునే సమస్యగా కనిపించవచ్చు. అయితే నిర్ణయాలు తీసుకునే వేళను, వాటి బాధ్యతను మార్చే పరిణామంగా దానిని గుర్తించవలసి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నేరేడుచర్ల, నిర్మాణవృత్తి, కట్టడ సమాచార నమూనా, ముగ్గు, అంకణం, ప్లాను, స్వీయధ్రువీకరణ, వృత్తిపదజాలం.

1. ఉపోద్ఘాతం

నేరేడుచర్ల సూర్యాపేట జిల్లాలో మిర్యాలగూడ–కోదాడ దారిలో ఉన్న చిన్న పట్టణం. ‘చెరువు’ శబ్దానికి రూపాంతరమైన ‘చర్ల’ ఊరిపేరులో నిలిచి ఉన్నది. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడేవరకు ఇది నల్లగొండ జిల్లాలో భాగం. 2018లో పురపాలక సంఘమైంది. గ్రామపంచాయతీ పురపాలక సంఘంగా మారడం పరిపాలనకు సంబంధించిన విషయంగా మాత్రమే కనిపిస్తుంది. ఇల్లు కట్టుకొనేవారికి మాత్రం అది మరొక కారణంగా ముఖ్యమైనది. ఆనాటి నుంచి ఇంటి ప్లాను పట్టణ చట్టం పరిధిలోకి వచ్చింది.

ఇదే కాలంలో ప్రపంచ నిర్మాణరంగంలో గీతలతో కూడిన ప్లాను స్థానాన్ని కట్టడ సమాచార నమూనా ఆక్రమిస్తున్నది. వృత్తివ్యవహారంలో దీనిని ‘బిమ్’ అంటున్నారు. ఇందులో గోడ రెండు సమాంతర గీతలుగా ఉండదు. పొడవు, ఎత్తు, మందం, వాడిన ఇటుక, పూత, ఖర్చు, కట్టే క్రమం వంటి వివరాలన్నీ కలిగిన వస్తువుగా కంప్యూటరులో నమోదవుతుంది. తలుపు తాను ఏ గోడలో ఉన్నదో ఎరిగి ఉంటుంది. గోడను జరిపితే తలుపు దానితోపాటు జరుగుతుంది.

హైదరాబాదు వంటి నగరాలలోని పెద్ద కార్యాలయాలకు ఈ మార్పు పరిచితమే. నేరేడుచర్ల వంటి పట్టణంలో ఒకరిద్దరు మనుషులతో, ఒకటి రెండు కంప్యూటర్లతో నడిచే కార్యాలయానికి ఇది ఏ రూపంలో ఎదురవుతుందన్నది విచారించవలసిన అంశం. అందుకు ఈ ప్రాంతంలో కట్టడ సమాచారం ఇంతకుముందు ఏయే రూపాలలో ఉండేదో తెలియాలి.

2. శాసనం చెప్పినది, శిల్పి ఎరిగినది

సూర్యాపేటను ఆనుకొని ఉన్న పిల్లలమర్రి కాకతీయ సామంతులైన రేచర్ల రెడ్ల కాలపు ఆలయాలకు ప్రసిద్ధి. అక్కడి ఎరకేశ్వరాలయాన్ని రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ 1208లో నిర్మింపజేసింది. ఆలయ నిర్మాణాలకు సంబంధించిన శాసనాలు ప్రధానంగా దాత పేరును, వంశాన్ని, తిథిని, దేవునికి ఇచ్చిన భూమిని తెలుపుతాయి. స్తంభం ఎంత ఎత్తో, దూలం ఎంత బరువు మోయగలదో చెప్పడం శాసనం పని కాదు. ఆ సమాచారం శిల్పి చేతిలోను, అతడి శిష్యపరంపరలోను ఉండేది. అంటే కట్టడానికి సంబంధించిన హక్కులు రాతిమీద లిఖితరూపంలోను, కట్టే పద్ధతి మనుషులలో మౌఖికంగాను నిలిచాయి. ఈ విభజన తరువాతి శతాబ్దాలలోనూ కొనసాగింది.

సామాన్యుల ఇళ్ళలో ఇదే విధానం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. తెలుగు ప్రాంతంలో ఇంటిని అంకణాలతో లెక్కించేవారు. రెండు దూలాల నడుమ చోటు అంకణం. అంకణాల సంఖ్య తెలిస్తే దూలాలు ఎన్ని కావాలో, వాసాలు ఎన్ని కోయాలో, గూనపెంకు ఎంత పడుతుందో వడ్రంగి లెక్క కట్టగలిగేవాడు. ఒక్క మాటలో ఇంటి ఆకృతి, సామగ్రి, ఖర్చు మూడూ ఇమిడి ఉండేవి. ఒక కొలత మారితే మిగిలినవన్నీ తదనుగుణంగా మారే ఈ సంబంధమే నేటి కట్టడ సమాచార నమూనాకు కూడా మూలసూత్రం.

పునాది తీయడానికి ముందు నేలమీద సున్నంతోనో ముగ్గుపిండితోనో గీతలు వేయడాన్ని ‘ముగ్గు పోయడం’ అంటారు. ఈ ప్రాంతపు గృహనిర్మాణంలో తొలి ‘ప్లాను’ అదే. కాగితం మీది బొమ్మను కుదించి గీస్తారు. ముగ్గు మాత్రం ఇంటి అసలు కొలతలోనే ఉంటుంది. ఇంటి యజమాని, ఆయన భార్య, వాస్తు చెప్పే సిద్ధాంతి, మేస్త్రీ అందరూ దాని లోపల నడిచి చూడవచ్చు. వంటిల్లు ఇరుకని తోస్తే చెరిపి మళ్ళీ పోయవచ్చు. చదువుతో నిమిత్తం లేకుండా అందరికీ అర్థమయ్యే ప్రాతినిధ్యం అది. అయితే ముగ్గు ఎత్తును చెప్పదు, పునాది తవ్వగానే చెరిగిపోతుంది. ఆ తరువాతి సమాచారం అంతా మేస్త్రీ జ్ఞాపకంలోను, దారం, తూకపుగుండు, మూలమట్టం, రసమట్టం వంటి పనిముట్లలోను ఉంటుంది. ఇంటికి పగులు వస్తే అడిగేది మేస్త్రీనే. సమాచారం ఉన్నచోటనే బాధ్యత కూడా ఉండడం ఈ దశలోని విశేషం.

3. కాలువ, సిమెంటు, ప్లాను

1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ప్రాజెక్టు ఈ ప్రాంత జీవనాన్ని మార్చివేసింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడుదలైంది. లాల్‌బహదూర్ కాలువ అని పేరుపొందిన ఎడమకాలువ కింద మిర్యాలగూడ, నేరేడుచర్ల, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరిమాగాణులయ్యాయి. సుమారు 124 మీటర్ల ఎత్తున్న సాగర్ ఆనకట్ట రాతికట్టడం. ఇంజనీర్లు కాగితం మీద గీసిన దానిని రాతిపని తెలిసిన వేలాది చేతులు కట్టి నిలిపాయి. గీసేవారు వేరు, కట్టేవారు వేరు అయిన ఆధునిక పద్ధతికి ఈ ప్రాంతంలో అంతకన్న పెద్ద ఉదాహరణ లేదు.

వరితోపాటు ధాన్యం మిల్లులు వచ్చాయి. మట్టపల్లి, మేళ్ళచెరువు పరిసరాలలోని సున్నపురాయి నిల్వల ఆధారంగా సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. పెంకుటిళ్ళ స్థానంలో స్లాబు ఇళ్ళు పెరిగాయి. దూలం కళ్ళకు కనిపించే వస్తువు. అది పుచ్చితే తెలుస్తుంది. కాంక్రీటు బీములోని ఇనుము కనిపించదు. ఎన్ని కడ్డీలు వేశారో, ఎక్కడ వంచారో స్లాబు పోసిన తరువాత చెప్పడానికి కాగితం ఒక్కటే ఆధారం. అందువల్ల సిమెంటు యుగంలో లిఖిత సమాచారం అవసరం పెరిగింది.

ఆచరణలో మాత్రం మరొకటి జరిగింది. చిన్న పట్టణాలలో ప్లాను ప్రధానంగా అనుమతి కోసం, బ్యాంకు రుణం కోసం తయారయ్యే పత్రంగా స్థిరపడింది. కిటికీ ఎక్కడ, మెట్లు ఎటు, నీళ్ళ గొట్టం ఎక్కడి నుంచి అన్న నిర్ణయాలు పని జరిగేచోట మేస్త్రీ, యజమాని కలిసి తీసుకొనేవే. ‘ప్లాను ఒకటి, ఇల్లు ఒకటి’ అనే స్థితి ఈ విధంగా ఏర్పడింది. సమాచారం ఒకచోట, బాధ్యత మరొకచోట ఉండిపోయాయి.

వృత్తిచట్టం కూడా ఈ స్థితిని పూర్తిగా సరిదిద్దలేదు. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ‘ఆర్కిటెక్టు’ అనే బిరుదుకు రక్షణ కల్పించింది. ఆ చట్టం బిరుదు వాడకాన్నే నియంత్రిస్తుందని, రూపకల్పన చేయకుండా ఇతరులను నిషేధించదని 2020 మార్చి 17న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి చిన్న పట్టణాలలో సివిల్ ఇంజనీర్లు, డిప్లొమా చదివినవారు, డ్రాఫ్ట్స్‌మన్లు నడిపే కార్యాలయాలే ఈ వృత్తికి ఆధారంగా కొనసాగుతున్నాయి. బిమ్ గురించిన చర్చ వీరిని విడిచి సాగితే అది నగరాలకే పరిమితమవుతుంది.

4. గీత నుంచి వస్తువుకు

1982 డిసెంబరులో విడుదలైన ఆటోక్యాడ్ క్రమంగా గీతబల్లను తొలగించింది. ట్రేసింగు కాగితం, టీ స్క్వేరు, అమోనియా వాసన వేసే ముద్రప్రతులు కనుమరుగయ్యాయి. హైదరాబాదులో 1991లో స్థాపితమైన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ వంటి సంస్థలు మ్యాపులను, చిత్రపటాలను కంప్యూటరు రూపంలోకి మార్చే సేవలతో ఎదిగాయి. తెలుగు యువత ఈ రంగంలో విస్తృతంగా ఉపాధి పొందింది. అయినప్పటికీ ఆటోక్యాడ్ గీత కూడా గీతే. పనివేగం పెరిగింది, దిద్దుబాటు సులభమైంది. కానీ ఆ రెండు గీతల నడుమ ఉన్నది గోడ అన్న సంగతి చూసేవారికి తెలుసు, కంప్యూటరుకు తెలియదు.

ఈ లోపాన్ని చార్లెస్ ఈస్ట్‌మన్ అప్పటికే గుర్తించారు. 1975లో అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో, చిత్రపటాలకు బదులు కంప్యూటరులో కట్టడ వర్ణననే నిల్వచేయాలని ఆయన ప్రతిపాదించారు. బుడాపెస్టులో 1982లో మొదలైన గ్రాఫిసాఫ్ట్ సంస్థ ఆర్కిక్యాడ్ ద్వారా, 2000లో విడుదలైన రెవిట్ మరొక మార్గంలో ఆ ఆలోచనను వాడుకలోకి తెచ్చాయి. 2002లో ఆటోడెస్క్ రెవిట్‌ను కొనుగోలు చేసిన తరువాత ‘బిమ్’ అనే పేరు విస్తృతమైంది. బ్రిటన్ 2016 ఏప్రిల్ నుంచి కేంద్రప్రభుత్వ నిర్మాణాలకు దీనిని తప్పనిసరి చేసింది. సమాచార నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 19650 తొలి భాగాలు 2018లో వెలువడ్డాయి.

గీతకు, వస్తువుకు గల భేదం ఒక చిన్న ఉదాహరణతో స్పష్టమవుతుంది. 230 మిల్లీమీటర్ల గోడలో 1.2 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తు ఉన్న కిటికీ ఉన్నదనుకుందాం. యజమాని దానిని 1.8 మీటర్ల వెడల్పుకు పెంచమన్నారు. గీతల పద్ధతిలో నేలప్లానును, ముందుచూపును, నిలువుకోతను, కిటికీల పట్టికను, అంచనాను విడివిడిగా దిద్దాలి. కిటికీ పైని లింటెల్ పొడవు, దానిలోని ఇనుము మారుతాయి. దాదాపు 0.2 ఘనపు మీటర్ల ఇటుకపని తగ్గుతుంది. ఈ దిద్దుబాట్లలో ఏ ఒక్కటి మరచినా ఒకే ఇంటికి రెండు సమాచారాలు పుడతాయి. నమూనాలో కిటికీ కొలతను ఒకచోట మారిస్తే మిగిలిన చిత్రాలు, పట్టికలు దాని నుంచే వెలువడతాయి. అంకణాల లెక్కలో వడ్రంగి మనస్సు చేసిన పని ఇక్కడ యంత్రం చేస్తున్నది.

రెండవ ఉదాహరణ మరింత గంభీరమైనది. స్నానాల గదికి స్లాబును కొంత దించి పోయాలా, మురుగు గొట్టం ఏ బీము పక్కనుంచి దిగాలి అన్నవి స్లాబు పోయకముందే తేలాలి. తేలకపోతే పోసిన తరువాత కాంక్రీటును పగలగొట్టి కంత పెడతారు. ఒక్కొక్కప్పుడు బీములోని ఇనుము కూడా తెగుతుంది. ఆ దెబ్బ పూత కింద దాగిపోతుంది. గొట్టం బీమును ఢీకొంటున్నదని నమూనా ముందుగానే చూపగలదు. అయితే గొట్టాలను అసలు నమూనాలో చేర్చినప్పుడే అది సాధ్యం. గోడలు మాత్రమే ఉన్న నమూనా అందమైన బొమ్మగా మిగులుతుంది.

5. నేరేడుచర్లకు నమూనా చేరిన దారులు

బిమ్ ఈ ప్రాంతానికి ఆర్కిటెక్టు కంప్యూటరు ద్వారానే రావాలనుకోవడం పొరపాటు. అది ఇనుపషెడ్ల రూపంలో లారీ మీద కూడా వస్తుంది. ధాన్యం మిల్లులకు, గోదాములకు వాడే ముందే తయారైన ఉక్కుకట్టడాలను పాశమైలారం, సదాశివపేట వంటి చోట్ల ఉన్న కర్మాగారాలు తయారుచేస్తాయి. ఈ పరిశ్రమలో ప్రతి స్తంభాన్ని, ప్రతి బోల్టు రంధ్రాన్ని త్రిమితీయ నమూనాలో నిర్ణయించి, ఆ లెక్క ప్రకారమే ఉక్కును కోసి, సంఖ్య వేసి పంపుతారు. స్థలంలో పునాది పోసే మేస్త్రీ బోల్టులను కొన్ని మిల్లీమీటర్ల తేడాలోపల నిలపాలి. ‘తరువాత సర్దుకుందాం’ అనే మాటకు అక్కడ చోటు లేదు. నమూనాను ఎన్నడూ చూడని మేస్త్రీ సైతం దాని క్రమశిక్షణకు లోబడి పనిచేస్తున్నాడు. ధాన్యం ఎత్తే ఎలివేటర్లు, ఆరబెట్టే యంత్రాలు, బాయిలర్లు ఒకే కప్పు కింద ఇమడవలసిన మిల్లు నిర్మాణమే ఈ ప్రాంత కార్యాలయాలకు నమూనా విలువను త్వరగా తెలియజెప్పగలదు.

రెండవ దారి చట్టానిది. తెలంగాణ ప్రభుత్వం 2020లో చేసిన టీఎస్‌–బీపాస్ చట్టం పట్టణాలలో స్వీయధ్రువీకరణ విధానాన్ని ప్రవేశపెట్టింది. 75 చదరపు గజాలలోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తువరకు కట్టే ఇంటికి అనుమతి అవసరం లేకుండా ఒక రూపాయితో నమోదు సరిపోతుంది. 600 చదరపు గజాలలోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తువరకు కట్టే నివాసగృహానికి స్వీయధ్రువీకరణ మీద తక్షణ అనుమతి లభిస్తుంది. అంతకు మించిన వాటికి 21 రోజుల గడువుతో ఏకగవాక్ష విధానం వర్తిస్తుంది. ఈ సౌలభ్యానికి మరొక పార్శ్వం ఉన్నది. ధ్రువీకరించిన దానికి విరుద్ధంగా కడితే నోటీసు ఇవ్వకుండానే కూల్చే అధికారం చట్టంలో ఉన్నది. పూర్వం ప్లానుకు, ఇంటికి నడుమ ఉన్న ఎడం అధికారి పరిశీలనకు సంబంధించిన విషయం. ఇప్పుడది యజమాని సంతకం కింద ఉన్న అపాయం.

2025లో వచ్చిన ‘బిల్డ్‌నౌ’ వేదిక ప్లానుల పరిశీలనలో కంప్యూటరు పాత్రను ఇంకా పెంచింది. సింగపూరులో 2015 నుంచి 5,000 చదరపు మీటర్లు మించిన కట్టడాలకు నమూనాల రూపంలోనే దరఖాస్తు చేయవలసి ఉన్న సంగతి ఈ మార్గం ఎటు సాగుతుందో సూచిస్తుంది.

6. చిన్న కార్యాలయం ముందున్న సమస్య

గీతల పద్ధతిలో ప్లాను త్వరగా సిద్ధమవుతుంది, నిర్ణయాలు పనిస్థలానికి వాయిదా పడతాయి. నమూనా పద్ధతిలో నిర్ణయాలన్నీ ముందుకు వస్తాయి. అమెరికన్ ఆర్కిటెక్టు ప్యాట్రిక్ మెక్‌లీమీ పేరుతో ప్రసిద్ధమైన రేఖాచిత్రం చెప్పేది ఇదే. పని ముందుకు సాగేకొద్దీ మార్పు చేసే శక్తి తగ్గుతుంది, మార్పుకయ్యే ఖర్చు పెరుగుతుంది. కాబట్టి శ్రమను ఆరంభంలోనే పెట్టాలి. కానీ ఆ ఆరంభశ్రమకు ప్రతిఫలం ఎవరు ఇవ్వాలి? ప్లానును అనుమతికాగితంగా భావించే యజమాని చదరపు అడుగుకు ఇంత అని స్వల్పరుసుము ఇస్తారు. లాభం మాత్రం ఇటుక, ఇనుము, కూలి వృథా కాకపోవడంలో ఆయనకే చేరుతుంది. ఈ సంబంధాన్ని వివరించలేని కార్యాలయం ఖరీదైన సాఫ్ట్‌వేరు కొన్నప్పటికీ పాత పనినే కొత్త తెరమీద చేస్తుంది.

సాఫ్ట్‌వేరు ధర రెండవ అడ్డంకి. ఐఎఫ్‌సీ అనే బహిరంగ సమాచార రూపం ఐఎస్ఓ 16739 ప్రమాణంగా ఉన్నది. దానిమీద పనిచేసే ఫ్రీక్యాడ్, బోన్సాయ్ వంటి ఉచిత సాధనాలు కూడా ఉన్నాయి. ఒక సంస్థ సాఫ్ట్‌వేరుకు కట్టుబడకుండా సమాచారాన్ని భద్రపరచుకొనే వీలు దీనివల్ల కలుగుతుంది. ఇరవై ఏళ్ళ తరువాత ఇంటికి మరమ్మతు చేయవలసి వచ్చినప్పుడు ఆ ఫైలు తెరుచుకోవడం నేడు దానిని త్వరగా తయారుచేయడం కన్న ముఖ్యం.

మూడవది క్రమం. ప్రతి ఇంటికీ సంపూర్ణ నమూనా అవసరం లేదు. స్తంభాలు, బీములు, స్లాబులు, మెట్లు, గొట్టాలు అనే ఐదింటిని ఖచ్చితంగా నమోదు చేసి, వాటి నుంచి ఇటుక, సిమెంటు, ఇనుము లెక్కలు తీయడం చిన్న కార్యాలయానికి అందుబాటులో ఉన్న తొలిమెట్టు. పని జరుగుతుండగా వచ్చే మార్పులను వారానికొకసారి నమూనాలో చేర్చడం రెండవది. రెండవ మెట్టు లేకపోతే నమూనా కూడా ‘ప్లాను ఒకటి, ఇల్లు ఒకటి’ అన్న పాతదారిలోనే నడుస్తుంది.

7. నమూనాలో తెలుగు

కట్టడ సమాచారం ఏ భాషలో ఉన్నదన్నది బాధ్యతకు సంబంధించిన ప్రశ్నే. ప్రధానమైన సాఫ్ట్‌వేర్లలోని గోడ, తలుపు, బీము అన్నీ ఇంగ్లీషు పేర్లతో ఉంటాయి. పనిస్థలంలో మాట తెలుగు, ఉర్దూ, హిందీ కలిసిన వృత్తిభాష. ‘దర్వాజ’, ‘సజ్జ’, ‘పిట్టగోడ’, ‘మెట్టం’ వంటి మాటలతో నడిచే పనికి ఇంగ్లీషు పట్టిక చేరితే దానిని మళ్ళీ నోటితో అనువదించి చెప్పాలి. ఆ అనువాదంలోనే పొరపాటు ప్రవేశిస్తుంది.

తెలుగు భాషాశాస్త్రం ఈ విషయంలో ఇదివరకే గొప్ప పునాది వేసింది. భద్రిరాజు కృష్ణమూర్తి ఆరంభించిన మాండలిక వృత్తిపదకోశాల ప్రణాళికలో భాగంగా బూదరాజు రాధాకృష్ణ వాస్తు పదకోశాన్ని రూపొందించారు. ఇల్లు కట్టేవారి నోటినుంచి సేకరించిన పదాలు అందులో ఉన్నాయి. కట్టడ భాగాలను గుర్తించి, పేరుపెట్టి, వర్గీకరించడం ఆ కోశం చేసిన పని. కట్టడ సమాచార నమూనా చేసే తొలిపని కూడా అదే. బిల్డింగ్‌స్మార్ట్ సంస్థ నిర్వహించే సమాచార నిఘంటువు ఒకే వస్తువుకు పలుభాషల పేర్లను అనుమతిస్తుంది. వాస్తు పదకోశంలోని పదాలను, కాంక్రీటు యుగంలో వాడుకలోకి వచ్చిన కొత్త పదాలను కలిపి దానికి అనుసంధించడం తెలుగు పరిశోధకులు, ఇంజనీర్లు కలిసి చేయదగిన పని. అప్పుడు నమూనా నుంచి వెలువడే పట్టికను మేస్త్రీ తన మాటలలోనే చదువుకొని, తప్పు ఉంటే తప్పని చెప్పగలుగుతాడు.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. నేరేడుచర్ల ప్రాంతంలో కట్టడ సమాచారం శిల్పి పరంపర, అంకణం, ముగ్గు, ప్లాను, కంప్యూటరు గీత అనే రూపాలను దాటి నమూనా దశకు చేరుతున్నది.

2. మేస్త్రీ యుగంలో సమాచారం, బాధ్యత ఒకేచోట ఉండేవి. అనుమతి కోసం గీసే ప్లాను వాటిని వేరుచేసింది. స్వీయధ్రువీకరణ చట్టం ఆ ఎడాన్ని యజమానికి ప్రత్యక్షమైన అపాయంగా మార్చింది.

3. ఉక్కుషెడ్ల ద్వారా నమూనా క్రమశిక్షణ ఈ ప్రాంత పనిస్థలాలకు ఇదివరకే చేరింది. చిన్న కార్యాలయాలు స్తంభాలు, బీములు, స్లాబులు, మెట్లు, గొట్టాలతో ఆరంభించి క్రమంగా ఈ విధానాన్ని అలవరచుకోవచ్చు.

4. తెలుగు వృత్తిపదజాలం నమూనాలో చేరితేనే కట్టేవారు దానిని పరీక్షించగలుగుతారు.

ముగ్గులో నడిచి చూసిన ఇంటివారికి తమ ఇల్లు ముందుగానే అర్థమయ్యేది. ప్లాను వచ్చాక ఆ అవగాహన నిపుణులకే పరిమితమైంది. త్రిమితీయ నమూనా ఆ అవకాశాన్ని ఇంటివారికి తిరిగి ఇవ్వగలదు. ఇంటివారు, మేస్త్రీ, ఇంజనీరు ఒకే నమూనాను చూసి పునాదికి ముందే నిర్ణయాలు తీసుకొన్న నాడు ధ్రువీకరణపత్రం కింద చేసే సంతకానికి తగిన ఆధారం ఏర్పడుతుంది.